బోనెక్కిన రాములవ్వ

"పాప నా దగ్గర్నే ఉంటదా మేడం?" లత మళ్లీ అడిగింది.

కన్నతల్లి అయినంత మాత్రాన ఖాయమని చెప్పలేమని, కోర్టు ముందుగా చూసేది పిల్ల మేలేనని వకీలు సుధారాణి విడమరిచి చెప్పింది. నిజామాబాద్‌లో వేరే కాపురం పెట్టిన లత భర్త రాజేందర్ విడాకులతో పాటు ఏడేళ్ల శృతినీ అడుగుతున్నాడు. లత బోధన్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తుందని, బడి నుంచి వచ్చిన పిల్లను చూసుకునే మనిషే లేదని అతని వాదన.

"మనిషి లేకపోవుడేంది? నేనున్న," అంది పక్కనే కూర్చున్న రాములవ్వ. "చెరుకు కొట్టి కట్టుకున్న ఇల్లున్నది. ఇద్దరూ నా తాననే ఉంటున్నరు. గీ ముచ్చట జడ్జి ముంగట చెప్పొచ్చా?"

చెబితే కేసుకు చాలా బలమని, కాకపోతే ఎదుటి వకీలు గుచ్చి గుచ్చి అడుగుతాడని సుధారాణి హెచ్చరించింది. ఊళ్లో నలుగురూ ఆడిపోసుకుంటారు, వద్దవ్వా అని లత చెయ్యి పట్టుకుని బతిమాలింది. రాములవ్వ వినలేదు.

ఆమె బోనెక్కిన రోజు రాజేందర్ తలెత్తలేదు. పిల్లకు జ్వరమొస్తే ఆస్పత్రిలో ఎవరు కూర్చున్నారో, ఇల్లు విడిచి ఎవరు వెళ్లారో ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. లత మీద ప్రేమకొద్దీ అబద్ధాలాడుతున్నావని రాజేందర్ వకీలు దబాయించాడు.

రాములవ్వ జడ్జి వైపు తిరిగింది.

"పానం ఇద్దరి మీదా ఉన్నది సారూ. నిజం ఒక్క దిక్కే ఉన్నది."

జడ్జి శృతిని తన గదిలోకి పిలిపించుకుని కాసేపు మాట్లాడారు.

విడాకులు మంజూరయ్యాయి. తీర్పులో శృతిని తల్లికే అప్పగించారు. పిల్ల పోషణకు తండ్రి నెలనెలా డబ్బు కట్టాలని, సెలవు రోజుల్లో వచ్చి చూసిపోవచ్చని చెప్పారు. లత ఏడుస్తూనే నవ్వింది. రాములవ్వ అంత పిల్లనూ చంకనెత్తుకుని, ఎవరో పెద్ద పదవి కట్టబెట్టినట్టు తలెత్తుకుని వరండాలోకి నడిచింది.

మెట్ల దగ్గర రాజేందర్ ఎదురుపడ్డాడు. దారిచ్చి పక్కకు జరిగాడు. ఆమె తనను దాటుతుంటే మెల్లగా అన్నాడు.

"కన్నకొడుకునే ఓడగొట్టినవ్ అవ్వా."