ఎదురుమాట

రెండువేల మూడు, మే నెల. అప్పటికి మూడేళ్లుగా వానల్లేవు.

వజ్రకరూరు దగ్గరి ఆ ఊళ్లో ట్యాంకరు నీళ్లు పట్టుకున్నాక జనం భజన ఇంటికి చేరేవాళ్లు. బయ్యన్న వేదాంతం చదివి వినిపించేవాడు.

బయ్యన్నకు గొంతు దేవుడిచ్చాడు. తెలివి మాత్రం పుస్తకానిదే. గుత్తిలో ఎప్పుడో అచ్చయిన పాత పుస్తకం, ఒక పక్క ప్రశ్న, ఎదురుగా జవాబు. రాసినాయన ఉన్నాడో పోయాడో ఆ ఊళ్లో ఎవరికీ పట్టలేదు.

అక్కడొక పద్ధతి ఉండేది. చదివింది ఒప్పుకోనివాడు లేచి తన తువాలు పుస్తకం ముందు పరవాలి. జవాబు సరిపోయిందనిపిస్తే తనే తీసుకోవాలి. జవాబు దొరక్కపోతే, చదివేవాడు తెలియదని దండం పెట్టాలి. అంతవరకూ పుస్తకం మూయకూడదు.

పదేళ్లలో బయ్యన్న ముందు ఏ తువాలూ పావుగంట నిలవలేదు.

ఆ రోజు చదువు తిరుపాలమ్మ కోసం. ఆమె ఏడు నెలల బిడ్డ వాంతులూ విరేచనాలతో పోయి పదిరోజులైంది. "నేనేం పాపం చేస్తినన్నా?" అని ఆమె అడిగితే, ఓదార్చాలనే బయ్యన్న కర్మ అధ్యాయం తీశాడు. మంచి మనసుతోనే తీశాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఈ జన్మలో పడే బాధ పోయిన జన్మలో చేసిన పాపమే" అని ముగించాడో లేదో, వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు. గుత్తి బస్సు దిగి, మంచినీళ్లు అడిగి తాగి, అక్కడే కూర్చుండిపోయిన మనిషి. మాసిన చొక్కా, భుజాన గుడ్డసంచి.

వచ్చి తువాలు పరిచాడు.

"ఏడు నెల్ల బిడ్డప్పా. పాపమంటే ఏం తెలుసు దానికి?"

బయ్యన్న పేజీ తిప్పి రాగం అందుకున్నాడు. "పాపం దేహానిది కాదు, లోపలి జీవుడిది. చొక్కా మార్చుకున్నంత మాత్రాన దొంగ దొర అవుతాడా?"

"భలే!" అన్నారు జనం.

ఆ జవాబుతో పాటే ముసలాయన పెదవులూ కదులుతున్నాయి. ఎగతాళి చేస్తున్నాడేమోనని బయ్యన్నకు ఒళ్లు మండింది.

"సరేప్పా. శిక్ష వేసేటప్పుడు తప్పేందో చెప్పాల గదా? ఏం చేసిందో తెలియని దాన్ని కొడితే న్యాయమా అది?"

"జ్వరం వచ్చినవాడికి ఎందుకొచ్చిందో తెలియదు. తెలియదని జ్వరం రాకుండా పోతుందా?"

చప్పట్లు. జనంలో ఒక కుర్రాడు ఈల కూడా వేశాడు.

ముసలాయన తువాలు తీయలేదు. తిరుపాలమ్మ వైపు చూశాడు.

"జరమొచ్చినోన్ని నీదే తప్పని ఎవురూ అనరు. ఈ తల్లిని మీరంటాండారు. మురికినీళ్లు తాగి బిడ్డ పోతే, మంచినీళ్లు ఇయ్యనోళ్లంతా పుణ్యాత్ములు, కన్నది పాపాత్మురాలా?"

బయ్యన్న పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. ఆ ప్రశ్న పుస్తకంలో లేదు.



దండం పెట్టి "తెలీదప్పా" అని ఉంటే సరిపోయేది. పదేళ్ల పేరు నోటికి అడ్డం పడింది.

"యాడి నుంచో వచ్చి ఈడ తగువు పెడతాండావా? ముందు ఈ పుస్తకం చదువుకోని రాపో, పెద్దాయనా!" అంటూ తానే తువాలు తీసి ఆయన భుజం మీదికి విసిరాడు. పుస్తకం మూసేశాడు.

"నేను తీయలేదప్పా దాన్ని" అన్నాడు ముసలాయన. జనం నవ్వుల్లో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

పోతూ పోతూ తిరుపాలమ్మ ముందు ఆగాడు.

"నీ తప్పేం లేదు తల్లీ."

ఆమె తల ఎత్తలేదు. తువాలు లేచిపోయింది కాబట్టి జవాబు గెలిచినట్టే. దారిన పోయేవాడి మాట కన్నా పుస్తకం మాటే నిజమని ఆమె నమ్మింది.

మర్నాడు పొద్దున బయ్యన్న తలుపు తీసేసరికి వాకిట్లో తిరుపాలమ్మ నిలబడి ఉంది.

"పోయిన జన్మలో నేనేం చేసినానన్నా?"

ఆ మర్నాడూ వచ్చింది. ఆ పై రోజూ వచ్చింది. అరవదు, ఏడవదు. అడిగి, కాసేపు నిలబడి, వెళ్లిపోతుంది. మనిషి రోజురోజుకీ చిక్కి సగమైంది. బయ్యన్నకు అన్నం సయించడం లేదు.

పుస్తకం మూడుసార్లు తిరగేశాడు. ఎక్కడా జవాబు లేదు. ఆ ముసలాయనను తెచ్చి, ఊరందరి ముందూ తన ఓటమి ఒప్పుకుంటే గానీ ఈమె దక్కదని అర్థమైంది. గుత్తి బస్టాండులో వాకబు చేశాడు. తాడిపత్రి దాకా వెళ్లి వెతికాడు. ఎవరూ ఎరగమన్నారు.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున, హేమలత అనే ఆమె బయ్యన్న ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తిరుపాలమ్మ అప్పటికే వాకిట్లో ఉంది.

"మే నెల్లో మా నాయన మీ ఊరికొచ్చింటాడన్నా. మాసిన చొక్కా, గుడ్డసంచి. ఆయన తిరిగిన ఊర్లన్నీ రాసిపెట్టుకున్నాడు, వాటిల్లో మీదే ఆఖరిది. చూసిపోదామని వచ్చినా."

బయ్యన్నకు ప్రాణం లేచొచ్చింది. "యాడుండాడమ్మా? నేనే వచ్చి కాళ్లు పట్టుకుంటా."

"పోయి నెలయిందన్నా. ఎండదెబ్బ తగిలి పండుకున్నాడు, మళ్ల లేయలా."

బయ్యన్న ఆమెను అరుగు మీద కూర్చోబెట్టాడు.

"ఆ వయసులో ఎందుకు తిరిగినాడమ్మా అట్ల?"

"నా బిడ్డ పోయినప్పుడు, కర్మ గురించి ఆ పుస్తకంలో ఉండే జవాబే నాకు చదివి వినిపించినాడు. పన్నెండేండ్లు నేను ఆయన మొగం చూడలా."

రెండు నెలల్లో మొదటిసారి తిరుపాలమ్మ ప్రశ్న మారింది. దగ్గరికొచ్చి హేమలత చెయ్యి పట్టుకుంది.

"పుస్తకంలో ఉండేది నిజమే గదమ్మా?"

"కాదక్కా, అది తప్పని ఊరూరూ తిరిగి చెప్తా చెప్తానే పోయినాడు, ఆ పుస్తకం రాసిన మా నాయన."