పూత మీద బేరం

"ఆ కొమ్మ కాదండీ, పైకొమ్మ చూపించండి."

సత్యనారాయణమూర్తి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నీడపట్టున ఉన్న కింది కొమ్మ వంచి, జిగురు పట్టిన పూతని రైతు రవికిరణ్‌కి చూపిస్తున్నాడాయన. "తేనెమంచు పురుగు. సగం పూత కూడా నిలవదు," అని నిట్టూర్చడం కూడా అయిపోయింది. ఆగిరిపల్లి చుట్టుపక్కల ఏ మామిడితోట పూత మీద కొన్నా ఆయన బేరం ఆ నిట్టూర్పుతోనే మొదలవుతుంది.

అడిగింది రవికిరణ్ కూతురు సింధూర. పదో తరగతి. చేతిలో నోటుబుక్కు.

"ఏమీ అనుకోకండి మూర్తిగారూ. ఈ ఏడు వీళ్ళకి బడిలో వ్యాపారం అని కొత్త సబ్జెక్టు పెట్టారు. నిజం బేరం ఒకటి దగ్గరుండి చూసి రాయాలట," అన్నాడు రవికిరణ్ మొహమాటంగా.

"బడిలో వ్యాపారమా!" మూర్తి పెద్దగా నవ్వాడు. "రాసుకో అమ్మా, రాసుకో. విన్నావా జోజీ?"

"మా అమ్మాయి రమ్యా, ఈ పాపా ఒకే క్లాసండి," అన్నాడు గుమాస్తా జోజి.

అంతలో మూర్తి ఫోన్ మోగింది. భార్య ఉమ.

"తోట కుదిరిందా అండీ?"

"వచ్చాక చెప్తాలే."

ఇన్నేళ్ళూ ఆవిడ ఉద్యోగం ఆవిడది, ఈయన వ్యాపారం ఈయనది. ఒకరి పని గురించి ఒకరు అడిగిన పాపాన పోలేదు. ఈ మధ్యే ఆవిడ ఏ తోట, ఏ ఊరు, బేరం ఎలా తెగ్గొట్టారు అని అడుగుతోంది. ఈయన పూసగుచ్చినట్టు చెప్తున్నాడు. ఇంట్లో ఇన్నాళ్ళకి తన పనికి విలువ వచ్చిందని మూర్తికి గర్వంగా ఉంది.

ఫోన్ జేబులో పెట్టి, చెప్పులు విడిచి చెట్టు కింద చాప మీద కూర్చుని బేరంలోకి దిగాడు. పైకి తాపీగా ఉన్నాడు గానీ లోపల కంగారే. ఈ తోట చిన్నరసాలే పంపిస్తానని హైదరాబాద్ పార్టీకి మాటిచ్చేశాడు. ఇది తప్పితే ఆ పార్టీ కూడా చేజారుతుంది. తనో రేటు చెప్పి, మొన్న తోట చూడ్డానికి వచ్చినవాడు ఇంతకంటే తక్కువే అడిగాడట కదా అని గుర్తుచేశాడు.

సింధూర తలెత్తింది. "ఆయన మీ మనిషేనా అండీ?"

ముందు ఒకణ్ణి పంపి తక్కువ అడిగించడం, తర్వాత తను వెళ్ళి కాస్త పెంచి దేవుడిలా కనిపించడం ఆయన పాత పద్ధతి. ఆ మనిషిని హనుమాన్ జంక్షన్లో మాట్లాడి పంపింది జోజి.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"క్లాసులో చెప్పారండి."

ఎంత చక్కగా అబద్ధమాడుతోంది! పుస్తకాలు చదివి పాఠం చెప్పేవాళ్ళకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? మూర్తి జోజి వైపు చూశాడు. జోజి నేల చూపులు చూస్తున్నాడు.

ఇక ఒక్కటే దారి. "ఇంత అవమానం నేనెక్కడా పడలేదు. వస్తానండీ!" అని కండువా దులుపుకుని మూర్తి విసురుగా లేచాడు. రవికిరణ్ బెదిరిపోయి వెంటపడబోయాడు.

"ఆపకు నాన్నా," అంది సింధూర. "చెప్పులేసుకునేటప్పుడు వెనక్కి తిరుగుతారు."

మూర్తి అప్పటికే ఒక చెప్పు తొడుక్కున్నాడు. రెండోది తొడుక్కుంటే తోట పోతుంది. తొడుక్కోకపోతే పరువు పోతుంది. ఆయన చాలాసేపు ఒంటి చెప్పుతో నిలబడ్డాడు. చివరికి రైతు చెప్పిన రేటుకే కాగితం మీద సంతకం పెట్టాడు.

నూజివీడు రోడ్డెక్కి మైలైనా కాలేదు.

"బండాపు జోజీ."

జోజి ఆపాడు.

"నా చెప్పుల సంగతితో సహా నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు? ఇంటికెళ్ళి కూతురికి కథలు చెప్తే అది బడిలో పంచిపెట్టింది. అంతేనా?"

"మా రమ్య మీద ఒట్టు అయ్యగారూ. నేను నోరు తెరవలేదు."

"పద్దెనిమిదేళ్ళు నమ్మాను. షాపు తాళాలు ఇటివ్వు."

జోజి తాళాలు తీసి చేతిలో పెట్టాడు. వాటితోపాటు బండి తాళం కూడా ఇచ్చి, ఎండలో ఆటో కోసం నిలబడ్డాడు. మూర్తి వెనక్కి చూడకుండా బండి పోనిచ్చాడు.

ఇంట్లో ఉమ అన్నం వడ్డిస్తూ అంది, "అలా ఉన్నారేంటండీ?"

"జోజిని మానిపించేశాను."

"జోజినా! ఏం చేశాడు?"

"నా గుట్టంతా పదో తరగతి పిల్ల నోట్లో పెట్టాడు. కింది కొమ్మ, ముందు పంపిన మనిషి, ఆఖరికి చెప్పులు కూడా. బడిలో చెప్పారని బుకాయిస్తోంది."

ఉమ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవరా పిల్ల?"

"రవికిరణ్ కూతురు. సింధూరట."

ఉమ గరిటె కింద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ముందు జోజికి ఫోన్ చెయ్యండి."

"ఎందుకు?"

"ఆ సబ్జెక్టు చెప్పేది నేనే."