చివరిదాకా

తొలి కాన్పంటే నీహారికకు వణుకు. రెండువేల ఎనిమిదిలో, ఏడో నెల పడగానే, జగ్గయ్యపేట ఇంటర్నెట్ సెంటర్లో కాన్పు ఎలా జరుగుతుందో చెప్పే వీడియో క్లాసులు చూడడం మొదలుపెట్టింది. ఆ ఆదివారం భర్త కిషోర్‌బాబును కూడా వెంటబెట్టుకెళ్లింది.

తెరమీద నొప్పులు పడుతున్న మనిషి గావుకేక పెట్టింది. కిషోర్‌బాబు కుర్చీ ఎత్తి మానిటర్ మీద బాదాడు. గాజు పెళ్లున పగిలింది. మళ్లీ బాదాడు. అడ్డొచ్చిన సెంటర్ యజమానిని గోడకేసి కొట్టాడు. నీహారికను రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాడు.

ఆమె రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది.

"కొట్టకండి! ఇంకెప్పుడూ రాను."

అతను మెట్లమీద కూలబడ్డాడు. అరచేతుల నిండా రక్తం.

"నన్ను కంటూ మా అమ్మ పోయిందన్నారుగానీ, ఎట్టా పోయిందో ఎవరూ చెప్పలా. ఇట్టాగే అరిచుంటదా? రేపు నువ్వూ..." మాట మింగేసి వెక్కివెక్కి ఏడ్చాడు.

నీహారిక పక్కన కూర్చుని అతని చేతిలో గుచ్చుకున్న గాజుముక్కలు మెల్లగా తీసింది.

"ఆ వీడియో పోయిన వారమే చూశానండి. ఆమె బతికే ఉంది. బిడ్డను గుండెలమీద పెట్టుకుని నవ్వింది. మీరు చివరిదాకా చూళ్లా."