పంపు బటన్‌కి దారి

ఫోను అద్దం పగల్లేదు. బొమ్మ బ్రహ్మాండంగా కనబడుతోంది. వేలు పెడితేనే పలకడం లేదు.

“ఏడ పడేశావమ్మా?” అడిగాడు నౌషాద్.

“పన్నీరు గిన్నెలో,” అంది యశస్విని.

పిన్ని కూతురి పెళ్లికని పిడుగురాళ్ల వచ్చింది. పట్టుచీరతోనే మండపంలోంచి నేరుగా సెల్ రిపేరు షాపుకి నడిచొచ్చింది. కుచ్చిళ్ల అంచుకి అప్పుడే సున్నం దుమ్ము పట్టింది.

“టచ్ పోయింది. కొత్త డిస్‌ప్లే గుంటూరు నుంచి రావాల. రేపు మధ్యాహ్నం అవుద్ది.”

“రేపు కాదు భాయ్. ఐదింటికల్లా ఆఫీసుకి ఒక ఫారం పంపాలి. అన్నీ నింపేశాను. అడుగున పంపు అనే బటన్ నొక్కడమే మిగిలింది. ఇవాళ పంపకపోతే సోమవారం నుంచి రావొద్దన్నారు.”

“వేరే ఫోన్లో తెరువు.”

“తెరుచుకోదు. ఈ ఫోన్‌కే ముడేశారు.”

గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

నౌషాద్ బల్ల కిందనుంచి పాత కంప్యూటర్ కీబోర్డు తీశాడు. దాని మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. చిన్న వైరుతో ఫోనుకి తగిలించి ట్యాబ్ మీట నొక్కాడు. ఫారంలో పేరు రాసిన గడి చుట్టూ పచ్చగీత వెలిగింది. మళ్లీ నొక్కాడు. గీత కింది గడికి దూకింది.

“టచ్ పోయిన ఫోన్లన్నీ ఇట్టానే నడుపుతా. ఈ గీత పంపు మీదికి చేరిందా, ఎంటర్ కొడతాం. అంతే.”

యశస్విని స్టూలు లాక్కుని కూర్చుంది.

పేరు. నంబరు. తేదీ. ఊరు. తేదీ. ఊరు. తేదీ.

“ఏందిది?” అన్నాడు నౌషాద్.

మూల కూర్చుని టీ తాగుతున్న అలీ సాహెబ్ మెడ చాచాడు. నౌషాద్‌కి మేనమామ. ముప్పయ్యేళ్లు సున్నం లారీ తోలాడు. ఇప్పుడు పొద్దంతా షాపులోనే.

“ఏందిరా, ఆగింది?”

“తేదీలోంచి ఊర్లోకి పోద్ది, ఊర్లోంచి మళ్లీ తేదీలోకే వస్తది మామూ. అవతలికి పోదు.”

“ఊళ్లోకి రోడ్డేసి, బయటికి పోయే రోడ్డు మర్చిపోయారన్నమాట.”

నౌషాద్ గోడ మేకుకి గుచ్చిన అట్టముక్కల కట్ట దించాడు. ఒక్కో అట్ట మీద గడులు, గడుల మధ్య బాణాలు.

“ఇది గ్యాసు బండ యాప్. ఇది టికెట్ల యాప్. ఏ యాప్‌లో గీత ఎటు పోద్దో గీసి పెట్టుకున్నా. మీ ఆఫీసు యాప్ నా దగ్గర లేదు. గీద్దాం.”

ఖాళీ అట్ట మీద ఐదు గడులు గీశాడు. మొదటి గడిలో ఆవగింజంత స్క్రూ పెట్టాడు. ట్యాబ్ నొక్కినప్పుడల్లా పట్టకారుతో స్క్రూని జరిపి, బాణం గీస్తున్నాడు.

“ఈ యాప్ పరీక్ష చేసినోడు ఎవడోగానీ, వాడికిచ్చే జీతం దండగ.”

యశస్విని పమిట కొంగు వేలికి చుట్టుకుంది. “టైం ఇచ్చుండరులే భాయ్.”

“టైమేందమ్మా? ఒక్కో గడినీ విడిగా చూసి ఇది బాగుంది, అది బాగుంది అనుకుంటారు. దీంట్లోంచి దాంట్లోకి పోద్దా లేదా, అది చూడరు. దానికి ఫోను కూడా అక్కర్లా. ఒక అట్టముక్క, ఒక స్క్రూ. ఐదు నిమిషాలు.”

ఆమె ఆ అట్టముక్క వంక చానాసేపు చూసింది.

“వాణ్ణి నా లారీ ఎక్కించి దాచేపల్లి రోడ్డు మీద రెండు ట్రిప్పులు తిప్పితే తెలుస్తది,” అన్నాడు అలీ సాహెబ్.

“అంత మాటెందుకు బాబాయ్.”

“నీకేందమ్మా వాడి మీద జాలి? వాడి మూలానేగా నీ ఉద్యోగం ఊడేది.”

ఇంతలో ఫోను మోగింది. అమ్మ. ఎత్తడానికి లేదు, కట్ చెయ్యడానికి లేదు. అది మోగి మోగి ఆగేదాకా ముగ్గురూ చేతులు కట్టుకుని చూశారు.

“ఫోటోలకి పిలుస్తోంది,” అంది నీరసంగా. నాలుగూ నలభై ఐదు.

తేదీ. ఊరు. తేదీ. అట్ట మీద బాణాలు ఒకదాని మీద ఒకటి పడి నల్లగా అయ్యాయి.

అలీ సాహెబ్ గ్లాసు కింద పెట్టాడు. “ముందుకి దారి లేకపోతే రివర్స్ కొట్టరా. అదీ నేనే చెప్పాల్నా?”

నౌషాద్ మామ వంక చూశాడు. షిఫ్టు, ట్యాబ్ కలిపి నొక్కాడు. తేదీలోంచి నంబరు. నంబరులోంచి పేరు. ఇంకోసారి నొక్కితే గీత మాయమైంది.

హైవే మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

నౌషాద్ మళ్లీ నొక్కాడు. ఫారం అట్టడుగున, పంపు చుట్టూ పచ్చగీత.

“వచ్చె!” అని యశస్విని లేచి నిలబడింది. గాజులు గలగలమన్నాయి.

ఎంటర్ కొట్టాడు. తెర మధ్యలో సన్నక్షరాల చీటీ ఒకటి తెరుచుకుంది. దాని కింద అవును, కాదు అని రెండు బటన్లు.

“ఇది నిజమేనా అని అడుగుతోందమ్మా. ఏం కొట్టమంటావు?”

“అవునే కొట్టు భాయ్. చదవక్కర్లేదు, కొట్టెయ్.”

నాలుగూ యాభై ఎనిమిది. చదవకుండా ఏదీ నొక్కే అలవాటు నౌషాద్‌కి లేదు.

వేలు ఎంటర్ మీదే ఉంచి, నుదుటి మీది కళ్లద్దాలు కిందికి లాక్కుని, మామకి కూడా వినబడేట్టు పైకే చదివాడు: “ఈ యాప్‌లో తెర మీద వేలు పెట్టకుండా, ఒట్టి కీబోర్డుతోనే, పేరు గడి నుంచి పంపు బటన్ దాకా నేను స్వయంగా వెళ్లి చూశానని, దారిలో ఎక్కడా ఆగలేదని ధ్రువీకరిస్తున్నాను, ఇట్లు యశస్విని, టెస్టింగ్ విభాగం.”