ఏడు రెక్కల గుర్రం

“ఏడు రెక్కలేమిటమ్మా? ఇటు నాలుగూ అటు మూడూ ఉంటే గుర్రం ఒక పక్కకి ఒరిగిపోదూ?” అంది టీచరమ్మ, దిండులోంచి మొహం ఎత్తకుండానే.

“పుస్తకంలో అలాగే ఉందండీ మరి,” అంది ఆయమ్మ.

“సర్లే, కానీ. తర్వాత?”

టీచరమ్మ ఆసుపత్రి మంచం మీద బోర్లా పడుకుని అది రెండో రోజు. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. మిగిలిన ఒక్క కంటికీ ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. పది రోజులు బోర్లానే ఉండాలని, తల ఎత్తితే ఆ చూపు కూడా దక్కదని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు. చెప్పడం తేలికే. ముప్పై అయిదేళ్లు ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి, గదంతా కలియతిరగడమే తప్ప ఒకచోట ఉండి ఎరగదు. మొదటి రోజే రెండుసార్లు లేవబోయి సిస్టరు చేత చీవాట్లు తింది.

“పిన్నీ, ‘ఏడు రెక్కల గుర్రం’ అని మంచి నవల తెచ్చాను. ఎవరిచేతైనా చదివించుకో, పొద్దు పోతుంది,” అని అక్క కూతురు లావుపాటి పుస్తకం ఒకటి మంచం మీద పెట్టి, ఉద్యోగానికి పరిగెత్తింది. సిస్టర్లకేమో ఊపిరి సలపని పని. టీచరమ్మ మూడోసారి లేవబోతుంటే, నేల తుడుస్తున్న ఆయమ్మ తుడుపుకర్ర గోడకి చేరేసి వచ్చింది.

“నేను చదువుతాలెండి. మీరు మాత్రం కదలకండి.”

టీచరమ్మకు మాయలూ మంత్రాలూ గిట్టవు. కథంటే మనుషుల గురించి ఉండాలంటుంది. కానీ గతి లేక వినడం మొదలుపెట్టింది. మూడో రోజు ఆయమ్మ పని ముగించుకుని రాగానే, “ఏడో రెక్క తోక దగ్గర ఉందటండీ. మలుపు తిరగడానికి,” అంది.

“అలా చెప్పు! రచయితకు బుర్ర ఉందన్నమాట,” అని టీచరమ్మ సంబరపడింది.

ఆ సంబరం ఒక పూటే. మర్నాడు తెల్ల గుర్రం కాస్తా నల్లగుర్రం అయింది. అచ్చుతప్పులు దిద్దేవాళ్లు నిద్రపోయారా అని టీచరమ్మ ఆ రచయితను, అచ్చేసినవాళ్లను కలిపి కడిగేసింది. కథలో మంత్రి సలహాలు మరీ జీడిపాకంలా సాగుతున్నాయని విసుక్కుంటే, ఆ మర్నాడు మంత్రి జ్వరంతో పోయాడు. పాపం, తనే నోరు పెట్టి చంపినట్టయిందని టీచరమ్మ ఆ పూటంతా బాధపడింది.

“యుద్ధం మధ్యలో రాణి నేల తుడవడమేమిటమ్మా?”

“నెత్తురు మరక వెంటనే తుడవాలండీ. ఎండితే ఓ పట్టాన వదలదు.”

“అని రాశాడా?”

“ఆ... రాశాడండీ.”

“ఆడమనిషి రాసి ఉంటుంది. మగవాడికి ఈ సంగతి తెలియదు.”

తిట్టుకుంటూనే ఆమె ఆ వేళ కోసం ఎదురుచూడసాగింది. మెడ పట్టేసినా, నడుము విరిగిపోతున్నా, తుడుపుకర్ర గోడకి తగిలిన చప్పుడు వినపడితే చాలు, నెమ్మదించేది. ఏడో రోజున కథలోకి ఓ కొత్త పిల్ల వచ్చింది. మబ్బుల మీద బడి. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని ఆ పిల్ల రోజూ కిటికీ బయట నిలబడి పాఠం వింటుంది. తమ్ముడు ఏడిస్తే పంతులు కిటికీ మూసేస్తాడు. ఆ మాట ఆయమ్మ రెండుసార్లు చదివింది.

“ఆ పిల్లని లోపలికి పంపితే రచయిత సొమ్మేం పోయింది?” అంది టీచరమ్మ. ఆమెకు ఏడుపు వచ్చింది. కన్ను తడవకూడదని గట్టిగా ఊపిరి బిగబట్టింది. “ఈ పుస్తకంలో సగం తప్పులే. అయినా ఈ ఒక్క ముక్క కోసం అన్నీ క్షమించేస్తాను.”

“ఇంకా అయిపోలేదు కదండీ,” అంది ఆయమ్మ.

పదో రోజు పొద్దున చివరి అధ్యాయం జరుగుతుండగానే డాక్టరు వచ్చాడు. టీచరమ్మను నెమ్మదిగా లేపి కూర్చోబెట్టారు. ఆమె మంచం అంచు గట్టిగా పట్టుకుంది.

“నువ్వు ఆపకమ్మా, చదువుతూ ఉండు. ఆవిడ భయం మర్చిపోతుంది,” అన్నాడు డాక్టరు.

ఆయమ్మ స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుంది. సిస్టరు కట్టు విప్పింది. మొదట పాలలాంటి వెలుగు, తర్వాత నీలం చీర, చీర మీద పుస్తకం, పుస్తకం మీద వరస వెంట కదులుతున్న వేలు కనిపించాయి.

“ఏం కనిపిస్తోంది?” అన్నాడు డాక్టరు.

టీచరమ్మ చాలాసేపు అటే చూసింది. “అంతా కనిపిస్తోంది,” అంది. డాక్టరు నవ్వి, పక్క మంచం దగ్గరికి వెళ్లాడు.

“...తమ్ముణ్ణి దింపి, ఆ పిల్ల బడి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. అంతేనండీ. కథ అయిపోయింది,” అని ఆయమ్మ పుస్తకం మూయబోయింది.

“ఉండు, మూయకు. ఆదివారం నీకు సెలవేగా? మా ఇంటికి రా. దీన్ని మొదటి పేజీ నుంచి మనిద్దరం కలిసి చదువుదాం.”

“అయిపోయిన పుస్తకం మళ్లీ ఎందుకండీ?”

“నాకు సరిగ్గా అర్థం కాలేదులే,” అంది టీచరమ్మ.

పుస్తకం ఆయమ్మ చేతిలో తలకిందులుగా ఉంది.