మూడు కాళ్ల స్టూలు

కూత యంత్రం మళ్లీ కూసింది.

"అక్కా! ఈసారి బంగారమే!" అంటూ తమ్ముడు పార అందుకున్నాడు.

"ముందు ఆ పెద్దాయన్ని చూడరా. సరిగ్గా అక్కడే ఇనప స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కూయక ఏం చేస్తుంది?" అంది అక్క.

తమ్ముడి ఉత్సాహం పాలపొంగులా దిగిపోయింది.

మూతపడిన నూలుమిల్లు ఆవరణ అది. నేలలో లోహం ఉంటే కూసే యంత్రాన్ని తమ్ముడు పాతసామాన్ల కొట్లో కొన్నాడు. లంకెబిందెల కోసం వచ్చినవాడికి, కూలిన గోడ కింద పాత ఆవిరి ఇంజను దొరికింది.

అక్క ఫిట్టరు. పనిచేసే వర్క్‌షాపు మూసేసి ఏడాదైంది. ఇంజనును చూడగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

స్థలం కొన్నాయన ఒకటే మాట అన్నాడు. "ఎనిమిది రోజులు. చక్రం తిరిగితే గేటు దగ్గర షెడ్డు వేసి నిలబెడతా, చూసుకునే ఉద్యోగం నీదే. తిరగలేదా, తుక్కు లారీ ఎక్కిస్తా."

చక్రం ఉంది, ఇరుసు ఉంది. ఇత్తడి ముక్కలు మూడే లేవు. ఆవిరిని లోపలికి వదిలే వాల్వు, వేగాన్ని అదుపుచేసే గుండ్లు, కూత గొట్టం.

"మిల్లు మూసేముందు ఎవడో ఇత్తడి దొంగ లేపేశాడంట. కాపలావాడు చెప్పాడు," అన్నాడు తమ్ముడు.

"అంత బరువు మోసుకుపోలేడు. ఇక్కడే ఎక్కడో పూడ్చి ఉంటాడు. వెతుకు."

"వాడి చెయ్యి పడిపోను!"

రోజూ పార దించేముందు తమ్ముడు చదివే మంత్రం అదే.

పెద్దాయన తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. అది ఎప్పుడో పడిపోయింది. మాటా దాంతోపాటే పోయింది.

ఎడమచేతి కర్రతో నేలమీద కొట్టాడు. టక్, టక్, టక్.

"మళ్లీ టీ అంటున్నాడక్కా."

"పోయరా. నీ సొమ్మేం పోయింది?"

ఆయన బుద్ధిగా టీ తాగాడు. గ్లాసు పక్కన పెట్టి మళ్లీ టక్, టక్, టక్.

"తాతా, అది కడుపా, చెరువా?"

పెద్దాయన నవ్వాడు. మూతి ఒక పక్కే నవ్వింది.

అంత బక్కమనిషి ఇనప స్టూలు చంకలో పెట్టుకుని రోజూ ఎలా వస్తున్నాడో అక్కకి అంతుపట్టలేదు.

"పాతకాలం తిండక్కా," అన్నాడు తమ్ముడు.

వెతికిన జాగాకల్లా సున్నంతో గడి గీసుకుంటూ పోయారు. పెద్దాయన రెండు రోజులు గోడ పక్కన కూర్చున్నాడు. రెండు రోజులు నీళ్లతొట్టి దగ్గర. తర్వాత పొగగొట్టం నీడలో. కూత కూడా ఆయన వెంటే తిరిగింది. ఆ మూడు చోట్లా స్టూలు కూతేలే అనుకుని, తవ్వకుండానే సున్నం గీసేశారు.

ఆరో రోజు సాయంత్రం వాన మొదలైంది. పెద్దాయన లేవలేదు. కొడుతూనే ఉన్నాడు.

"టీ అయిపోయింది తాతా. తడుస్తావు, ఇంటికెళ్లు."

తన గొంతులో విసుగు అక్కకే వినిపించింది.

ఆయన ఆమె కళ్లలోకి చూశాడు. స్టూలు చంకన పెట్టుకుని, వెనక్కి చూస్తూ చూస్తూ వెళ్లాడు.

ఏడో రోజు రాలేదు.

"జ్వరం తగిలిందేమోరా. కసురుకున్నాను కూడా."

"టీ లేదన్నావంతే కదక్కా."

అయినా ఆమె కళ్లు గేటు మీదే ఉన్నాయి.

ఎనిమిదో రోజు పొద్దున్నే తుక్కు లారీ వచ్చింది. దాని వెనకే ఒకామె నడిచి వచ్చింది. చంకలో అదే స్టూలు.

"నాన్న మొన్న రాత్రి నిద్రలోనే పోయారు," అందామె. "ఏళ్ల తరబడి గుమ్మం దిగని మనిషి. ఇంజను దొరికిందని విన్నప్పట్నుంచీ ఇక్కడికే పరుగు. ఇది మీ దగ్గరే ఉండనివ్వండి."

అక్క బరువుకి సిద్ధపడి రెండు చేతులూ చాచింది.

స్టూలు పువ్వులా పైకి లేచింది.

"ఇది... ఇనుము కాదా?"

"చెక్కేనండీ. ఒక్క మేకు కూడా లేదు. నాన్న మిల్లులో వడ్రంగి. ఇనప ముక్క పోతపోయాలంటే, ముందు దాని నమూనా చెక్కతో చేసేది ఆయనే. ఆ వెండిరంగు ఆయన సరదా."

అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మేకు కూడా లేని స్టూలుకి యంత్రం ఎందుకు కూసింది?

తమ్ముడు పరుగెత్తాడు. పొగగొట్టం పక్కన తడినేలలో మూడు కాళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. మోకాలి లోతున గోనెపట్టా తగిలింది. విప్పితే వాల్వు, దిట్టంగా గ్రీజు పూసి, నిన్న పెట్టినట్టుగా ఉంది. తొట్టి దగ్గర గుండ్లు. గోడ పక్కన కూత గొట్టం.

"డ్రైవరన్నా, కాస్త ఆగవా?"

"అన్నం తిని పడుకుంటే సాయంత్రానికి గానీ లేవనమ్మా నేను," అంటూ డ్రైవరు లారీ కిందకి దూరాడు.

బాయిలరు ఎప్పుడో తుప్పుపట్టింది. పంక్చర్ షాపు కంప్రెసరు తెచ్చి, ఆవిరికి బదులు గాలి పట్టారు.

పొద్దువాలే వేళకి చక్రం మూలిగింది. కదిలింది. తిరిగింది. కూత గొట్టం నాలుగు వీధులకి వినపడేలా కూసింది.

"షెడ్డు రేపే మొదలెట్టిస్తా," అన్నాడు స్థలం కొన్నాయన. డ్రైవరు ఖాళీ లారీ తోలుకుని ఈలవేస్తూ పోయాడు.

అక్క స్టూలుని ఇంజను పక్కన వేసింది.

"మీ నాన్నగారు ఇవన్నీ ఎందుకు పూడ్చారు?"

"ఇత్తడంతా కరిగించడానికి అమ్మేస్తున్నారని ఆ రోజుల్లో అన్నం మానేశారు. ఎంతమంది ఎన్ని విధాల అడిగినా పెదవి విప్పలేదు. ఉద్యోగం పోయింది, పేరూ పోయింది. మాకు కూడా చెప్పలేదు."

తమ్ముడు గ్లాసు నిండా టీ పోసి స్టూలు మీద పెట్టాడు. ఇన్నాళ్లూ చెయ్యి పడిపోవాలని తాను తిట్టిన ఇత్తడి దొంగ ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.