ఇంకెక్కడా పట్టని చెక్క

తలుపు తియ్యగానే స్టోరమ్మ చెప్పులు విడిచి, వంటిల్లు ఎటని అడగకుండా నేరుగా వంటింటి వైపే నడిచింది.

ఇల్లాలి మనసులో మొదటి ముల్లు అప్పుడే దిగింది.

భర్త పనిచేసే స్పేర్ పార్టుల షాపులో సామాన్ల గది చూసే మనిషి స్టోరమ్మ. నలభై అయిదు దాటి ఉంటాయి. జుట్టులో వయసు కనిపిస్తోంది గాని నడుములో లేదు. ఆ సంగతి ఇల్లాలు ఒక్క చూపులో చూసేసింది.

"ఆవిడ చెయ్యి పెడితే చీకట్లో కూడా నట్టు దొరుకుతుంది" అని అన్నం తింటూ మూడు నెలలుగా పొగుడుతున్నాడు భర్త. పదేళ్ల కాపరంలో ఇల్లాలి చేతి గురించి అతను అన్న మాట ఒక్కటే. ఉప్పెక్కువైందని.

వంటిల్లు మరీ ఇరుకు. అడుగునున్న గిన్నె కావాలంటే పైనున్న నాలుగూ దించాలి. మూత తీస్తే పెట్టే చోటుండదు. ఓ రోజు ఆమె విసుక్కుంటే, ఆ విసుగు షాపుదాకా మోసుకెళ్లాడు.

"ఫలానా వీధిలో మెట్ల కింద వాటా అనగానే, ఆదివారం వచ్చి తనే సర్దిపెడతానంది. ఏమీ ఇవ్వద్దంది."

"ఎందుకివ్వద్దంది?"

"మంచిది కనక."

"అంత మంచితనం ఎవరి మీదో!"

అతను నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

ఇప్పుడు స్టోరమ్మ వంటింటి గడప దగ్గర ఆగి అంది, "ఒకసారి టీ పెట్టమ్మా."

"తాగుతారా?"

"తాగడానిక్కాదు. నీ చెయ్యి ఎటెటు పోతుందో చూడాలి."

చూసింది. తరవాత పనిలోకి దిగింది. రోజూ వాడేవి నడుముకీ భుజానికీ మధ్య అరల్లోకి వచ్చాయి. బరువైనవి కిందికి దిగాయి. మూతలు పుస్తకాల్లా నిలబడ్డాయి. గరిటెలు తలుపు లోపలి మేకులకు వేలాడాయి.

సింకు కింది తలుపు ఎవరికీ ఒక పట్టాన రాదు. స్టోరమ్మ దాన్ని కాస్త పైకెత్తి లాగింది. అది కిక్కురుమనకుండా వచ్చింది. ఆ కిటుకు పట్టడానికి ఇల్లాలికి వారం పట్టింది.

తరవాత సంచిలోంచి పాత చెక్క ఒకటి తీసింది. పొయ్యి గట్టుకీ బీరువాకీ మధ్య జానెడు సందుంది. చెక్క అందులోకి గీరుకోకుండా దూరి కూచుంది. దానిమీద ఆరు సీసాలు బారు తీరాయి.

"టేపు పెట్టి కొలవరా?"

"అలవాటమ్మా. ఇదిగో, ఈ మూల మాత్రం ఉప్పూ పంచదారా పెట్టకు. వానల్లో గోడ చెమ్మ దిగుతుంది."

బయట నడి ఎండాకాలం.

ఇల్లాలు లెక్క వేసుకుంది. ఈ ఇంట్లోకి దిగింది పోయిన వానాకాలంలో. చెల్లెలి పురుడని తను నెల ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి వానలు వెనకపట్టాయి. ఆ నెలంతా ఇంట్లో అతనొక్కడే.

ఒక్కడేనా?

అప్పుడే భర్త తల దూర్చాడు. "అబ్బ! ఇది మన వంటిల్లేనా? చెప్పానా, ఆవిడ చెయ్యి పడితే ఇక తిరుగుండదని!"

"ఇక చాలు" అంది ఇల్లాలు. "మిగతాది నేను చూసుకుంటా."

"పై అర ఒక్కటే మిగిలిందమ్మా. వచ్చే ఆదివారం..."

"ఏ ఆదివారమూ వద్దు. నా వంటింట్లో నీకేం పని?"

మీరు అన్న పిలుపు నువ్వులోకి ఎప్పుడు జారిందో ఆమెకే తెలీలేదు.

స్టోరమ్మ చేతిలో గుడ్డని నిదానంగా నాలుగు మడతలు పెట్టింది. "నిజమే. నీ వంటిల్లే."

"నీ చెక్క తీసుకుపో."

"ఉండనీ అమ్మా. అది ఇంకెక్కడా పట్టదు."

ఆవిడ అటు వెళ్లగానే ఇల్లాలు భర్త మీద పడింది. "ఈ ఇంట్లో చెమ్మ సంగతి ఆవిడకెలా తెలుసు?"

"ఏ చెమ్మ?"

అతని మొహం ఏమీ రాయని తెల్లకాగితంలా ఉంది. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకుందామె. ఆ మర్నాటి నుంచి అతను షాపులో స్టోరమ్మతో మాట్లాడటం మానేశాడు. నెల తిరక్కుండానే వచ్చి పొడిగా చెప్పాడు. "ఆవిడ పని మానేసింది. ఊరే వదిలి వెళ్లిపోయిందట. చల్లబడ్డావా?"

ఆ పూట ఆమెకి ఆకలి బాగా వేసింది.

అయినా ఆ సర్దుబాటుని చెరపలేకపోయింది. చెయ్యి చాస్తే చాలు, చెంచా అక్కడే ఉండేది. ఆ సుఖం మీదే ఆమెకి కోపం. రోజూ ఆవిడ చేతిలో చెయ్యేసి వండుతున్నట్టుండేది. పంతానికి ఉప్పు డబ్బా, పంచదార డబ్బా తీసుకెళ్లి సరిగ్గా ఆ మూలే పెట్టింది.

వానలు మొదలైన మూడో రోజుకి ఉప్పు నీరైంది. పంచదార రాయైంది.

మేడమీది ఇంటి మామ్మగారు ఎండాకాలమంతా కూతురి దగ్గరుండి అప్పుడే తిరిగొచ్చారు. చెమ్మ చూపించడానికి ఇల్లాలు ఆవిణ్ణి పిలుచుకొచ్చింది. మామ్మగారు గోడ వైపు చూడనేలేదు. నిలబడ్డ మూతల్నీ, తలుపుకున్న గరిటెల్నీ చూస్తూ గడపలోనే ఆగిపోయారు. తరవాత వంగి, సందులోని చెక్కని వేళ్లతో తడిమారు.

"ఇది మళ్లీ ఇక్కడికెలా వచ్చిందే? పోతూ పోతూ ఇదొక్కటే ఊడదీసుకెళ్లిందిగా!"

"ఎవరు మామ్మగారూ?"

"మీకు ముందున్నావిడ. ఇరవై రెండేళ్లు ఇక్కడే వండిందమ్మా. మొగుడు పోయాక ఇల్లు ఖాళీ చేసిన రోజు, వీధిలో సామాన్ల బండి హారన్ మీద హారన్ కొడుతున్నా వినిపించుకోకుండా, ఈ ఖాళీ అరలన్నీ ఒక్కొక్కటే తుడుచుకుంటూ ఇక్కడే నిలబడిపోయింది."